ఉమ్మడి ఇల్లు, ఉద్యోగపు ఇల్లు

మనుష్యులు ఒకచోట చేరి బ్రతుకుట రెండు విధములుగా జరుగుచుండును. ఒక ఆదర్శమును నమ్మి చేరినవారు కొందరు. కూటికై చేరి, పిదప ఒకరికొకరు కావలసినవారైనవారు కొందరు. వీరిలో ఎవరిది నిజమైన సమాజము?

1910లో గలిలయ సముద్రపు టొడ్డున పదిమంది పురుషులు, ఇద్దరు స్త్రీలు దెగానియా అను క్షేత్రమును నెలకొల్పిరి. తొలి కిబ్బుట్జు అదియే. అక్కడ పని అందరిది, భోజనశాల ఒక్కటి, జీతమను మాట లేదు. (ఆ చోట అంతకుముందు ఉమ్ జూనీ అను అరబ్బుల పల్లె యుండెనన్న సంగతిని ఆదర్శమును కీర్తించువారు తరచుగా మరచుచుందురు.)

సుమారుగా ఆ కాలముననే బంగాళమునందలి ఖరగ్‌పూరునకు తెలుగువారు చేరుచుండిరి. వారిని ఏ ఆదర్శమును పిలువలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే పిలిచెను. 1902లో వాల్తేరు కటకముల నడిమి మార్గము ఆ కంపెనీ వశమగుటతో, గంజాము విశాఖపట్టణము జిల్లాల బీదరైతునకు ఖరగ్‌పూరు వర్కుషాపు దారి తెరచుకొన్నది. ఇచ్చటను ఇల్లు ఎవరి సొత్తును కాదు. కాని హోదానుబట్టి ఇల్లు. ఒకనికి తోటతో బంగళా, ఒకనికి ఒంటిగది. దెగానియాలో నాడు ఇల్లు అందరిదై యుండెను గనుక ముసలితనమున ఎవరిని ఎవరును పొమ్మనెడివారు కారు. రైల్వే కాలనీలో ఉద్యోగముతోపాటు ఇల్లును తీరిపోవును.

అట్లని దీనిని సమాజము కాదనుట అన్యాయము. 1927 నాటి సమ్మెలో వేరువేరు భాషల పనివారు ఒక్కటై నిలిచిరి. వారి నాయకులలో ఒకరు తరువాత రాష్ట్రపతియైన వి. వి. గిరి. సమానత్వమును వారు గ్రంథములలో చదివి నేర్చినది కాదు. మూతపడిన వర్కుషాపు గేటు ముందర నేర్చిరి. మరియొక వైపు, 2007లో దెగానియాయే సమాన వేతనమును విడిచి, పనికి తగిన జీతమను పద్ధతిని స్వీకరించెను. ఆదర్శముతో మొదలైనది జీతమునకు వచ్చినది. జీతముతో మొదలైనది ఎచటికి పోవును?

పదవి విరమించిన తెలుగు ఫిట్టరును చూడుడు. స్వగ్రామమున ఆయన వాటా భూమి అన్నదమ్ముల సాగులో కలిసిపోయినది. పిల్లలకు బజారున హిందీ, వీధిలో బంగాళీ, అమ్మతో మాత్రమే తెలుగు. పోయిన ఏడు అమ్మవారి పండుగకు ఊరు వెళ్లినప్పుడు ఆయనను ఎవరో “ఎప్పుడు తిరుగు ప్రయాణము?” అని అడిగిరి, అడుగుటలో తప్పు లేదు, కాని ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. రైల్వే హద్దునకు వెలుపల, ఇందాలో, రెండు గదులు కట్టుకొనెను. క్వార్టరు తాళపుచెవి అప్పగించిన దినమున ఆయన పెట్టెలను, మంచమును, తులసికుండీని ఇందాకు చేర్చినవారు బంధువులు కారు. ప్రక్క క్వార్టరు బంగాళీయు, ఎదుటి వరుస బీహారీయు.