పాత మందిరము, పాత పేర్లు



పాత మందిరమును పడగొట్టి కొత్తది కట్టాలా, లేక ఉన్నదానినే బాగుచేయించాలా అనే ప్రశ్న మన సంఘములలో తరచుగా వస్తున్నది. బంగారుపేటలోను, గనుల ఊళ్ళలోను కూడ వచ్చింది. వచ్చిన ప్రతిసారి ఎవరో ఒకరు లేచి, "మందిరమంటే గోడలు కావు, విశ్వాసులే గదా సంఘము" అంటారు. దానితో చర్చ ముగుస్తుంది. ఆ మాట నిజమే, మేమును ఎన్నోసార్లు చెప్పినదే. కాని ఈ నిజమును అడ్డము పెట్టుకొని మనము ఒక బాధ్యతనుండి తప్పించుకొంటున్నామేమోనని ఈ మధ్య మాకు సందేహము కలిగింది.

ఇంగ్లాండు, వేల్సు దేశములలో పారిష్ అనే ఏర్పాటు ఉన్నది. ఒక చర్చి, దాని చుట్టూ హద్దులు. ఆ హద్దులలో కాపురమున్నవారందరు, నమ్మినవారైనా నమ్మనివారైనా, ఆ పారిష్ వారే. బాప్టిస్టు పితరులు దీనికి ఒప్పుకొనలేదు. పుట్టుకవలన కాదు, విశ్వసించి బాప్తిస్మము పొందినవారే సంఘమన్నారు. అందుకు చెరసాలలకు కూడ వెళ్ళారు. ఆ విషయములో మనము వారి పక్షమే. అయినను పారిష్ వలన ఒక మేలు జరిగింది. 1538లో థామస్ క్రామ్‌వెల్ అనే రాజోద్యోగి, ప్రతి పారిష్‌లోను బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు ఒక పుస్తకములో వ్రాయవలెనని ఆజ్ఞ ఇచ్చాడు. ప్రభుత్వ ప్రయోజనము ఏదైనా కానివ్వండి, దానివలన అక్కడి పాలేరు పేరు, పనిమనిషి పేరు కూడ నాలుగు వందల ఏండ్లు నిలిచింది. బయట నిలబడిన బాప్టిస్టులు ఊరకున్నారా? లేదు. పసిపిల్లలకు బాప్తిస్మమివ్వరు గనుక జననములు వ్రాసుకొన్నారు. 1837 తరువాత అటువంటి పుస్తకములు వేలకొలది ప్రభుత్వమునకు అప్పగింపబడినవి. 1840 చట్టముతో అవి కోర్టులో సాక్ష్యముగా కూడ చెల్లినవి. గోడలను నమ్ముకొనని మనుష్యులే పుస్తకమును ఇంత జాగ్రత్తగా ఉంచారు.

ఇక మన సంగతి. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు గనులను చేపట్టింది. కార్న్‌వాల్ నుండి గని పని తెలిసిన దొరలు వచ్చారు. 1902లో శివసముద్రము నుండి కరెంటు వచ్చింది. మన జంక్షనుకు అప్పుడు బౌరింగ్‌పేట అని పేరు, మైసూరు కమీషనరు బౌరింగ్ దొర పేరు మీద. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెలనుండి తమిళులతో పాటు తెలుగువారును పనికి వచ్చారు. ఛాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేనాటికి పైకి వచ్చిన బంగారము సుమారు 800 టన్నులు. దొరల సమాధులమీద పేరు, ఊరు, తేదీ చెక్కి ఉన్నవి. దిగినవారి పేర్లు ఎక్కడున్నవి?

కంపెనీ కూడ పేర్లు వ్రాసింది, కాదనము. కాని వ్రేలిముద్రలు వేయించి నమోదు చేయబోయినప్పుడు, 1930లో, కార్మికులు సమ్మె చేశారు. తమ్మును దొంగలవలె చూస్తున్నారని వారికి తోచి ఉండవచ్చును. పేరు వ్రాయించుకొనుట వేరు, గుర్తు పట్టుకొనుటకై వ్రాయబడుట వేరు. నాతాలు వెళ్ళిన మనవారి సంగతి కూడ ఇట్టిదే. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని అక్కడికి మిషనరీగా పంపారు. అక్కడి చెరకు తోటలకు ఒప్పందముమీద వెళ్ళిన కూలీల ఓడ జాబితాలలో నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ ఉన్నవి. వారి మునిమనుమలు ఈనాడు వాటిలో తమ పల్లెను వెదకి కనుగొంటున్నారు. కూలీగా లెక్కించినవాడు వ్రాసినంత వివరము, సహోదరుడని పిలిచిన మనము వ్రాశామా? ఈ ప్రశ్న మమ్మును బాధించింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెలంపల్లిలో 2,222 మంది బాప్తిస్మము పొందారని మన సండేస్కూలు పిల్లలు కూడ చెప్పగలరు. అంకె మనకు కంఠస్థము. అందులో పది పేర్లు చెప్పమంటే మనలో ఎందరము చెప్పగలము?

ఇప్పుడు మందిరము దగ్గరకు వద్దాము. షిఫ్టు దిగి వచ్చి రాళ్ళు మోసినవారు, పిడికెడు బియ్యము తీసిపెట్టిన తల్లులు కట్టిన గోడలవి. ఊరు విడిచి బెంగళూరులోను, ఇతర దేశములలోను స్థిరపడిన మనము కొత్త మందిరమునకు డబ్బు పంపుతాము. మంచిదే. దానితోపాటు ఒక పాలరాతి పలకయు కోరుతాము, చందా వ్రాసినవారి పేర్లతో. రాళ్ళు మోసినవారి పేర్లు ఆ పలకపై ఉండవు. ఈ మాట కొందరికి కష్టముగా ఉంటుందని తెలుసు. మేము కూడ అటువంటి పలకకు చందా వ్రాసినవారమే.

ఎదుటి మాట కూడ న్యాయమైనదే. తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనికి పోయి రాత్రికి తిరిగివచ్చే కుటుంబములకు పిల్లల ఫీజు ముఖ్యమా, పాత పెంకులు ముఖ్యమా? ఫీజే. వేల్సులో మూతపడిన ప్రార్థనా మందిరములలో కొన్నిటిని కాపాడుటకు 1999లో ఒక ట్రస్టు ఏర్పడింది. అక్కడ కూడ అన్నిటినీ నిలుపలేకపోయారు. మన దగ్గర ఆ పాటి నిధులును లేవు. కనుక ప్రతి గోడను నిలబెట్టాలని మేము అనము. గోడకు మ్రొక్కే దశకు మనము రాకూడదు కూడ.

అయితే నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము మరియొకసారి చదవండి. గోడ కట్టిన కథలో కట్టినవారి పేర్లే ఎక్కువ. ఎవరి ఇంటి ఎదుట ఎవరు బాగుచేశారో, కంసాలి ఎంతమేర కట్టాడో, ఒకని కుమార్తెలు కూడ పనిచేశారని, పనికి భుజమివ్వని పెద్దలెవరో అన్నీ ఉన్నవి. బంగారుపని వారి పేరు చూచినప్పుడు మన గనులే గుర్తుకు వచ్చినవి. ఆ గోడ ఈనాడు ఎంతమేర మిగిలిందో చెప్పుట పండితుల పని. పేర్లు మాత్రము మన చేతిలోనే ఉన్నవి.

కనుక మేము కోరేది ఇది. కూల్చే తీర్మానము సంఘ కూటము ముందుకు రాకముందు పాత సభ్యుల రిజిస్టరును బీరువాలోనుండి బయటికి తీయాలి. చెదలు పట్టని పుటలన్నిటిని ఇద్దరు యువకులు నకలు వ్రాయాలి. వ్రాత లేనిచోట గనిలో పనిచేసిన పెద్దలను, వారి భార్యలను కూర్చోబెట్టి అడగాలి: పునాది ఎవరు త్రవ్వారు, తలుపు ఎవరిచ్చారు, మొదటి సమాధి ఎవరిది అని. తల్లుల పేర్లు "ఫలానావాని భార్య" అని గాక వారి సొంత పేర్లతోనే వ్రాయాలి. మందిరమునకు నాలుగు వైపులా ఫోటోలు తీయాలి. పాలరాతి పలకకు లెక్క కట్టేది, గోడకు పలుగు పెట్టేది ఆ తరువాత.