ఆరోగ్య సమాచారంలో స్త్రీ, పురుష పదాలు

ఢిల్లీ అశోకా రోడ్డులోని నిర్వాచన్ సదన్ ఎన్నికల సంఘ కార్యాలయం. ఓటరు నమోదులో స్త్రీ, పురుష అన్న రెండు గడులతో పాటు ‘ఇతరులు’ అన్న మూడవ గడిని ఆ సంఘం 2009లో అనుమతించింది. తాము ఏ గడికి చెందుతారో పౌరులే చెప్పుకోవచ్చు. ఆరోగ్య కరపత్రం విషయం అలా కాదు. అక్కడ చదువరిని ముందుగానే ఒక గడిలో కూర్చోబెట్టేది కరపత్రం రాసినవారే.

క్రోమోజోముల తేడా వల్ల కలిగే స్థితులనే తీసుకుందాం. ఒక ఎక్స్ క్రోమోజోము పూర్తిగానో పాక్షికంగానో లోపిస్తే అది టర్నర్ సిండ్రోమ్. ఎక్స్, వైలకు తోడు మరొక ఎక్స్ ఉంటే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్. ఈ రెండింటి మూలం 1959లో తెలిసింది. మొదటిది ఆడపిల్లలకు, రెండవది మగపిల్లలకు కలుగుతుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. ఆ మాట తొలగించి ‘కొందరు వ్యక్తులకు’ అని రాస్తే ఎవరినీ నొప్పించనట్లే తోస్తుంది. కాని ఎదుగుదల తక్కువై, పదిహేనేళ్ళు నిండినా రజస్వల కాని కూతురిని చూసి దిగులుపడే తల్లికి, ఆ వాక్యం తన బిడ్డ గురించేనని తెలియదు. జరగవలసిన గుండె, మూత్రపిండాల పరీక్షలు ఆలస్యమవుతాయి. ఇక్కడ ‘ఆడపిల్ల’ అన్న పదం అవసరమైన ఆనవాలు.

అదే పదం మరొకచోట తీర్పు అవుతుంది. పురుష హార్మోనులకు దేహం ఏమాత్రం స్పందించని స్థితిలో, ఎక్స్, వై క్రోమోజోములు గలవారు స్త్రీ దేహంతో పుట్టి, సాధారణంగా స్త్రీలుగానే పెరుగుతారు. ‘వై ఉన్నవారు పురుషులు’ అని కరపత్రం రాస్తే, అటువంటి స్త్రీ జీవితమంతా పొరపాటని చెప్పినట్లవుతుంది. తమిళనాడుకు చెందిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడలలో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచి, లింగనిర్ధారణ పరీక్ష తరువాత దానిని కోల్పోయారు. ప్రయోగశాల మాట ఒక మనిషి బ్రతుకుపై ఎంత బరువు మోపగలదో దేశమంతా చూసింది.

మన భాషలోనే ఒక సౌలభ్యం ఉంది. ఏకవచనంలో ‘అతడు వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’ అని వేరుచేసే తెలుగు, బహువచనంలో ‘వారు వచ్చారు’ అని అందరినీ ఒక్కటిగా గౌరవిస్తుంది. ‘ఎక్కువగా ఆడపిల్లలలో గుర్తించే ఈ స్థితి ఉన్నవారు’ అని రాయడానికి మనకు అడ్డేమీ లేదు. తల్లికి కావలసిన ఆనవాలు అందులో ఉంది. ఎవరినీ వెలివేయడం లేదు. ‘గొడ్రాలు’, ‘నపుంసకుడు’ వంటి మాటలకు మాత్రం ఏ కరపత్రంలోనూ చోటుండరాదు. అవి రోగికి ఏ చికిత్సనూ సూచించవు. ఇరుగుపొరుగుకు ఎగతాళి నేర్పుతాయి.