కొట్టిన చెట్టు పట్ల మిగిలే ధర్మం

ఉత్తర తెలంగాణ ఇళ్లలో టేకుకు ఎంత గౌరవం ఉన్నా దాన్ని నేలమీద పరిచే అలవాటు అంతగా లేదు. నేలకు గ్రానైటో బండలో వేసి, ఆదిలాబాద్ అడవుల్లో పెరిగే టేకును దర్వాజలకూ కడపలకూ వాడి, ఆ కడపకు పసుపు రాసి బొట్లు పెట్టి, తొక్కకుండా దాటడం ఇక్కడి నడవడి. అందువల్ల కాంక్రీటు స్లాబుపై ఇంజినీర్డ్ వుడ్ పరచదలచిన గృహస్థుకు, అంటే పైన కొన్ని మిల్లీమీటర్ల అసలు కలపా, కింద నార దిశ ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా అతికించిన పలుచని పొరలూ ఉన్న పలకలను ఎంచుకునేవారికి, పూజలందుకునే కలపను పాదాల కింద వేయడం తగునా అనే సందేహం సహజంగానే కలుగుతుంది.

ఈ సందేహం తీరడం కష్టం కాదు. ఒకే దుంగనుంచి కడపా వస్తుంది, కూర్చునే పీటా వస్తుంది. పాదుకలు సైతం చెక్కవే. కాబట్టి కడప పవిత్రత ఆ కలప జాతిలో కాక, దాన్ని నిలిపిన చోటులోనూ చేసిన సంస్కారంలోనూ ఉందనడమే సమంజసం.

అసలు చిక్కు చెట్టును కొట్టడంలో ఉంది. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టపై 10వ శతాబ్దంలో పంపకవి సోదరుడు జినవల్లభుడు సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో వేయించిన శాసనం ఈ నేలపై జైనం వేళ్లూనిందనడానికి సాక్ష్యం. ఆ మతం చెట్టును ఏకేంద్రియ జీవంగా, అంటే స్పర్శజ్ఞానం మాత్రమే గల ప్రాణిగా భావించి, హింసను పూర్తిగా మానలేని గృహస్థును కనీసం దాన్ని తగ్గించుకోమంటుంది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహిత, విగ్రహానికి చెట్టును నరికే ముందు అందులో నివసించే భూతాలకు బలి సమర్పించి, వేరొక చోటికి వెళ్లమని ప్రార్థించాలని విధించింది. అయితే ముందుగా అనుమతి కోరినంత మాత్రాన ధర్మం తీరిపోదు. నరికినదాన్ని వృథా పోనివ్వకపోవడం కూడా అందులో భాగమే.

ఒక దుంగను పలుచని పొరలుగా కోసి అనేక గదులకు సరిపెట్టే ఇంజినీర్డ్ పలక ఈ దృష్టితో మెచ్చదగినదే కాని, పనివారి తొందర ఆ మేలును పూర్తిగా చెరపగలదు. కాంక్రీటును తొలి రోజుల్లో తడిపి ఉంచడం బలం కోసమే. లోపలి నీరు ఆరడానికి తర్వాత ఇంకా నెలలు పట్టవచ్చు. ఆరని స్లాబుపై పరిస్తే తేమ పైకెక్కి పలకలు ఉబ్బుతాయి, అతుకులు విడిపోతాయి, చెట్టు ప్రాణం నిష్ఫలమవుతుంది. పాలిథిన్ ముక్కను స్లాబుపై నాలుగంచులా టేపుతో అంటించి, మరునాడు దాని కింద చెమ్మ పట్టిందో లేదో చూడడం మొదటి పరీక్ష, అయినా అది ముతక పరీక్షే గనుక తేమను కొలిచే మీటరుతో నిర్ధారించుకోవాలి. నేలను సమంగా చేసి, తేమను ఆపే పొర వేసి, పలకల కట్టలను కొన్నాళ్లు ఆ గదిలోనే ఉంచి, గోడల వెంట సుమారు 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఎందుకంటే కరీంనగర్ ఎండాకాలపు పొడికి కుంచించుకున్న చెక్క వానాకాలపు తేమకు మళ్లీ సాగుతుంది.

పై పొర మందం విషయంలోనూ ఇదే ధర్మం వర్తిస్తుంది: అర మిల్లీమీటరు పొర అరిగితే పలక మొత్తాన్నీ పారవేయక తప్పదు, మూడు నాలుగు మిల్లీమీటర్లదైతే ఒకటి రెండుసార్లు సానపట్టి తిరిగి వాడుకోవచ్చు.