అణగియున్న స్ప్రింగు



దిల్‌సుఖ్‌నగరులో ముందరి స్ప్రింగులు జతగా కొని, ఎల్.బి.నగరున మా యింటి ముంగిట పాత కారునకు వేయ మొదలిడితిమి. విరిగినది ఒకటియే, అయినను రెండును మార్చనియెడల బండి ఒరుగును. జాకీని మాత్రమే నమ్మక స్టాండ్లు నిలిపితిమి. పై నట్టు విప్పబోగా, అమ్మ పంపగా వచ్చిన తమ్ముడు చెయ్యి పట్టుకొని, "ఆగు అన్నా! అణగిన స్ప్రింగు ఎగిరితే ప్రాణం తీస్తుంది" అనెను. పొలము గట్టు తగవుతో ఏడాదిగా మాతో పలుకనివాడు!

స్ప్రింగునకు ఎదురెదురుగా రెండు బిగింపు మరలు తగిలించి, అతడొక చుట్టు, మేమొక చుట్టు త్రిప్పుచు కుదించిన పిమ్మటనే నట్టు విప్పితిమి.

మా కోపమును ఎంతకాలము అట్లే అణచియుంచితిమి! పొద్దుగూకులోగా దానిని విడువుమని పౌలు చెప్పిన బుద్ధి (ఎఫెసీ 4:26) ఆ దినమున మాకు తెలిసెను. గట్టు సంగతి మేమే ముందుగా ఎత్తితిమి.

మీ యింట అట్టి తగవున్నయెడల నేడే, ఇద్దరును కలిసి, మెల్లగా విప్పుడి. ఆమేన్.