గట్లు చెరిగిన పొలం

తెనాలి దగ్గర ఒక ఊళ్లో పద్యనాటకమంటే ప్రాణం పెట్టే మాస్టారు ఒకాయన ఉండేవారు. చుట్టుపక్కల ఎక్కడ రాయబారం ఆడినా, హరిశ్చంద్ర ఆడినా టేప్‌రికార్డర్ చంకన పెట్టుకుని వెళ్లి వేదిక ముందు కూర్చునేవారు. ఆ క్యాసెట్లన్నీ పెద్దతనంలో ఓపిగ్గా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో దాచారు. ఆ పద్యాలు పాడినవాళ్లు చాలామంది పోయారు. క్యాసెట్లు బూజుపట్టి పోయాయి. ఇక మిగిలింది ఆ డిస్కు ఒక్కటే.

ఆయనకు ఇద్దరు శిష్యులు. పెద్దవాడి చెయ్యి చురుకు. చిన్నవాడు ఏ పనైనా నాలుగు ప్రశ్నలు వేసుకున్నాకే మొదలుపెట్టేవాడు.

ఒకరోజు ఫైల్ ఇంకా కాపీ అవుతుండగానే మాస్టారు కేబుల్ లాగేశారు. మర్నాడు డిస్కు పెడితే లాప్‌టాప్‌లోని ఉబుంటు దాన్ని గుర్తుపట్టింది గానీ తెరవలేదు. పెద్ద శిష్యుడికి కబురు వెళ్లింది.

"విండోస్ కోసం చేసిన ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌తో ఎప్పుడూ ఇదే గోల మాస్టారూ. మీరు ఎలాగూ లినక్స్‌కి వచ్చేశారు. పార్టిషన్లు కొత్తగా వేసేస్తే పీడా పోతుంది" అన్నాడతను.

"మరి నా రికార్డింగులో?"

"వాటికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి లెండి. తరవాత లాగుదాం."

ఎఫ్‌డిస్క్ తెరిచాడు. 'ఓ' నొక్కి కొత్త ఖాళీ పార్టిషన్ టేబుల్ సిద్ధం చేశాడు. మీరు రాయమనేదాకా మార్పులు డిస్కు మీదికి పోవు, రాసేముందు జాగ్రత్త అని ఎఫ్‌డిస్క్ తెరవగానే చెబుతుంది. ఆ వాక్యం అతను చదవలేదు. 'డబ్ల్యూ' నొక్కాడు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి చూస్తే 931.5జీ డిస్కు కనబడింది. నిన్నటిదాకా దాని కింద ఉన్న పార్టిషన్ వరస లేదు. మాస్టారికి నోట మాట రాలేదు. పెద్దవాడు ఆగకుండా తరవాతి పనికి దిగాడు. కొత్త పార్టిషన్ ఒకటి వేసి, దాన్ని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేస్తే సరి అనుకున్నాడు.

అప్పుడే చిన్నవాడు లోపలికి వచ్చాడు. తెర చూసి, "అన్నయ్యా, ఇక ఒక్క ఎంటర్ కూడా కొట్టకు" అన్నాడు. మాస్టారి దగ్గరికి వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"భయపడకండి మాస్టారూ. పొలం గట్లు చెరిగాయి గానీ పంట ఎక్కడికీ పోలేదు. డిస్కు మొట్టమొదటి సెక్టర్ 512 బైట్లు. అందులో పార్టిషన్ల హద్దులు రాసుండేది 64 బైట్లలో, నాలుగు పార్టిషన్లకు పదహారేసి బైట్లు. అన్నయ్య చెరిపింది ఆ కాస్తే. మీ మొదటి పార్టిషన్ 2048వ సెక్టర్ దగ్గర మొదలవుతుంది. అక్కడిదాకా అతని చెయ్యి పోలేదు. ఫార్మాట్ కొట్టి ఉంటే మాత్రం నాగలి దిగినట్టే. డిస్కు పొడవునా అక్కడక్కడా కొత్త లెక్కలు రాసుకుంటూ పోయేది."

పెద్దవాడు తల దించుకుని కుర్చీ ఖాళీ చేశాడు.

చిన్నవాడు ముందు స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం చూశాడు. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టర్ల లెక్కలు రెండూ సున్నా. బజారుకు మనిషిని పంపి 2 టీబీ డిస్కు తెప్పించాడు. రెండూ లాప్‌టాప్‌కు పెట్టి, ఏది ఎస్‌డీబీ, ఏది ఎస్‌డీసీ అన్నది సైజు, మోడల్, సీరియల్ నంబర్ మూడూ కలిపి చూసి కాగితం మీద రాసుకున్నాడు. ఆ అక్షరాలు శాశ్వతం కావు. తీసి మళ్లీ పెడితే మారిపోవచ్చు. నకలు తీసే డీడీరెస్క్యూకి ముందు ఇచ్చేది చదవాల్సిన డిస్కు, తరవాత ఇచ్చేది రాయాల్సిన డిస్కు. ఆ రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది. ఆ కాగితాన్ని అన్న చేతికిచ్చి, "నువ్వూ ఒకసారి సరిచూడు అన్నయ్యా" అన్నాడు. ఇద్దరూ చూశాకే ఎంటర్ పడింది.

పాత యూఎస్‌బీ పోర్టు. రాత్రంతా పట్టింది. పెద్దవాడు ఇంటికి వెళ్లలేదు.

తెల్లవారాక అసలు డిస్కు తీసి పక్కన పెట్టారు. నకలు మీద టెస్ట్‌డిస్క్ నడిపారు. అది పాత హద్దుల ఆనవాళ్లు వెతికి చూపించింది. ఫైళ్ల జాబితా తెరిపించి, పేర్లు సరిగ్గా ఉన్నాయని నమ్మకం కుదిరాకే టేబుల్‌ని నకలు డిస్కు మీద రాయించారు. చదవడానికి మాత్రమే మౌంట్ చేసి ఒక రికార్డింగు పెడితే హార్మోనియం శ్రుతి, వెంటనే పద్యం. మాస్టారు కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడు చిన్నవాడు నిన్న పొద్దుటి కెర్నల్ లాగ్ తెరిచి అన్నకు ఒక వరస చూపించాడు. వాల్యూమ్ సగంలో ఆగిపోయిందని గుర్తు ఉంది, బలవంతం చేస్తే తప్ప మౌంట్ చేయను అని దాని సారాంశం. కేబుల్ లాగినందుకు పడ్డ గుర్తు అది. విండోస్ ఉన్న కంప్యూటర్‌కు పెట్టి చెక్‌డిస్క్ నడిపితే పోయే జబ్బు.

రికార్డింగులు నకలు నుంచి లాప్‌టాప్‌లోకి కూడా చేరాకే పాత డిస్కుకు పార్టిషన్లు వేశారు. ఈసారి కుర్చీలో కూర్చున్నది పెద్దవాడు. జీపీటీ టేబుల్, అందులో రికార్డింగులకు ఈఎక్స్‌టీ4, విండోస్ వాడే స్నేహితులకు ఇచ్చిపుచ్చుకోవడానికి చిన్న ఎక్స్‌ఫ్యాట్. ఈఎక్స్‌టీ4 మామూలుగా రూట్ కోసం అట్టిపెట్టే అయిదు శాతం చోటు దాచుకునే డిస్కుకు అక్కర్లేదని ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో సున్నా చేశాడు. ప్రతి ప్రశ్నా చదివి జవాబిచ్చాడు.

నీతి: నకలు చేతికి రాకముందు అసలు మీద ఏదీ రాయకూడదు.

పెద్దవాడికి పని రాకపోలేదు. పార్టిషన్లు మార్చాలన్న ఆలోచనా తప్పు కాదు, చివరికి చేసిందీ అదే. వరస తప్పింది. డిస్కు ఏమంటోందో చదవడం, నకలు తీయడం, నకలు మీద మరమ్మతు, ఆ తరవాతే కొత్త హద్దులు. ఈ నాలుగింటిలో ఆఖరిది ముందుకు తెచ్చుకునేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే ఏదో చేశామన్న తృప్తి అందులోనే ఉంది. చదువుతూ, కాపీ అయ్యేదాకా కాచుకుంటూ కూర్చోవడం పనిలా కనబడదు. కానీ ఆ రికార్డింగుల్ని కాపాడింది ఆ కూర్చోవడమే. పైగా అది తిరిగే పళ్లేల హార్డ్‌డిస్కు. ఎస్‌ఎస్‌డీ అయితే ఫార్మాట్ చేసే ఆదేశమే పాత సమాచారమంతా అక్కర్లేదని డిస్కుకు చెప్పేయగలదు. ఆ తరవాత టెస్ట్‌డిస్క్ కూడా చేయగలిగింది ఉండదు.

మాస్టారి వంతు తప్పు కూడా చెప్పుకోవాలి. అన్నేళ్ల కష్టాన్ని ఒకే డిస్కులో పెట్టారు. మీ ఇంట్లోనూ నాన్నగారి గొంతో, అమ్మమ్మ పెళ్లి ఫోటోలో ఒకే ఒక్క డిస్కులో ఉంటే, అది బాగా పనిచేస్తుండగానే రెండో డిస్కు కొని నకలు తీసి, వేరే ఇంట్లో ఉంచండి. తీసేముందు అన్‌మౌంట్ చేసి, లైటు మినుకుమనడం ఆగాకే కేబుల్ లాగండి.