ఆకర్షణము, విసర్జనము

సంగ్రహమునకు అవధిని విధించునది బాహ్యమైన దండమా, లేక సంగ్రహక్రియయే దానిని తన గర్భమున ధరించియున్నదా యను ప్రశ్న ధర్మచింతనయంత ప్రాచీనమైనది; అయినను హెర్క్యులస్ ఎక్స్-1 అను జంటతారావ్యవస్థ దానిని నూతనముగ మన ముందుంచుచున్నది.

అచ్చట సూర్యునికంటె బరువై, వ్యాసమున ఒక నగరమును మించని న్యూట్రాన్ నక్షత్రము, 1.24 సెకనులకొకమారు తన చుట్టు తాను తిరుగుచు, 1.7 దినములకొక పరిభ్రమణము చొప్పున తనతో కూడి తిరుగు సహచరతారనుండి ద్రవ్యమును ఆకర్షించుచున్నది. ఆ ద్రవ్యము నేరుగా పడజాలక చక్రాకారమున పరిభ్రమించుచు తప్తమగును; ఆ చక్రము వక్రమై, సుమారు 35 దినములకొక ఆవృత్తిగ ఊగుచుండుటచే, మన దృష్టిరేఖ దానిపైనున్న భిన్నభిన్నోన్నతులను క్రమముగ స్పృశించును. ఈ సౌలభ్యముననే, చక్రమునుండి సెకనుకు వందలాది కిలోమీటర్ల వేగమున వెడలు వాయువు పైకేగినకొలది పలుచబడుచున్నదని, ఎక్స్ఎంఎం-న్యూటన్, చంద్రా దూరదర్శినుల పరిశీలనలాధారముగ 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఇందలి మర్మము గమనింపదగినది. ద్రవ్యము లోనికి జారవలెనన్న తన కోణీయ ద్రవ్యవేగమును వెలికి విడువవలెను. పతనమున జనించిన శక్తియే వాయువును వెలికి తరుమును. కావున విసర్జనము ఆకర్షణమునకు పడిన శిక్ష కాదు, దాని నిర్వాహమునకు అంగము.

ఈశావాస్యోపనిషత్తు త్యాగమును అనుభవమునకు విరోధిగా గాక మార్గముగ బోధించినపుడు, ఇట్టి సంబంధమునే మానవజీవితమున దర్శించినదని తలంపవచ్చును. అయినను తారకు లోభము లేదు, కావున దానమును లేదు. జడప్రకృతినుండి నీతిని యథాతథముగ గ్రహించుట అవివేకము. మనుజుడు మాత్రము విడువకుండుటకు శక్తుడై యుండియు విడుచును. ఆ స్వాతంత్ర్యమే నియతిని ధర్మముగ మార్చుచున్నది.