గూటిలోని తల్లిపక్షి



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ప్రసంగాలలో దాని ప్రస్తావన అరుదు. దారిన పోతుండగా చెట్టుమీద గాని నేలమీద గాని పక్షిగూడు కనబడి, తల్లి గుడ్లమీదనో పిల్లలమీదనో కూర్చుని ఉంటే, పిల్లలను తీసుకోవచ్చును గాని తల్లిని విడిచిపెట్టాలి. గమనించండి, గూటిజోలికే పోవద్దని దేవుడు అనలేదు. అవసరానికి తీసుకొమ్మన్నాడు, వంశాన్ని మాత్రం నిలవనిమ్మన్నాడు. దివంగత ఫ్రాన్సిస్ పోపు గారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఈ ఆజ్ఞను గుర్తుచేశారు.

నేలమీది గూడు అనగానే రాయలసీమవారికి బట్టమేక పక్షి గుర్తుకు రావాలి. నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడులో 1988లో అభయారణ్యం ఏర్పడింది ఈ పక్షికోసమే. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ఆడపక్షి సాధారణంగా ఏడాదికి ఒకే ఒక గుడ్డు, అదీ బట్టబయలు నేలమీద పెడుతుంది. మిడతలు, పెంకుపురుగులు, గింజలు దాని ఆహారం. దేశమంతటా స్వేచ్ఛగా తిరిగేవి ఇప్పుడు 200 లోపే, అందులో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. రోళ్లపాడులో దాని దర్శనం గగనమైపోయింది.

ఈ నేరమంతా పురుగుమందుపై, రైతుపై మోపడం అన్యాయం. గడ్డిబీళ్లు తరిగిపోయాయి. రాజస్థాన్‌లో కరెంటు తీగలకు తగిలి పక్షులు చస్తున్నాయి. అభయారణ్యం చుట్టుపక్కల రైతుకేమో కృష్ణజింకలు చేను మేసే బాధ వేరే ఉంది. అయినా మిడతలు తిని బతికే పక్షికి మిడతలే లేకుండా పోతే ఎలా? మందు తగిలిన పురుగును తింటే విషం దాని కడుపులోకీ పోతుంది. 1995-96లో అర్జెంటీనాలో మిడతలపై మోనోక్రోటోఫాస్ కొట్టగా స్వైన్సన్ డేగలు వేల సంఖ్యలో చచ్చిపడ్డాయి. మన పత్తిచేలలోనూ ఆ మందు ఏళ్లతరబడి వాడారు. మన దేశంలో దాని నిషేధానికి ఉత్తర్వు వచ్చింది 2023లో.

అసలు మందే కొట్టవద్దని వేదికలెక్కి చెప్పేవారున్నారు. అప్పుతెచ్చి విత్తి, కాయలో పురుగును చూసినవాడికి ఆ మాట ఎలా ఎక్కుతుంది? నా మట్టుకు నాకు, రైతుకు ముందు కావలసింది చదువు అనిపిస్తుంది. అక్వీనాసు పునీత తోమాసు గారు వివేకమనే సుగుణాన్ని విడమరుస్తూ, నేర్చుకొనే మనసును అందులో ఒక భాగంగా చెప్పారు. చేయవలసిన పనులు లెక్కలేనన్ని విధాలు గనుక ఏ ఒక్కడూ తనంతట తానే అన్నీ ఎరగలేడని ఆయన వాదం. పెద్దలకూ పండితులకూ మినహాయింపు లేదంటారు. అంటే అధికారులు కూడా రైతు దగ్గర కూర్చుని వినవలసిందే.

మరి మన రైతు ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాడు? చాలా ఊళ్లలో మందుల దుకాణంలో. అప్పు ఇచ్చేదీ అతడే, మందు చెప్పేదీ అతడే. ఈ వారం కొట్టనక్కరలేదని అమ్మేవాడు ఎందుకు చెబుతాడు? పొలంబడిలో చెప్పే పాఠం వేరు. పత్తిలో లింగాకర్షక బుట్టలు పెట్టి, వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున గులాబీరంగు పురుగు తల్లి రెక్కలపురుగులు పడితేనో, పది పూలలో ఒకటి గుడ్డిపువ్వయితేనో అప్పుడు మందు సంగతి ఆలోచించమంటారు. అందాకా వేపగింజల కషాయం, గోరింకలూ పాలపిట్టలూ వాలి పురుగులను ఏరుకు తినడానికి చేనిలో పక్షి స్థావరాలు. కొట్టక తప్పనప్పుడు డబ్బామీది రంగు త్రికోణం చూడాలి. ఎరుపు అన్నిటికన్నా విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. గాలి బీడువైపు వీస్తుంటే ఆగాలి. గట్టుమీది గడ్డికి మందు తగలనీయరాదు, పంపు కడిగిన నీళ్లు కుంటలో పోయరాదు. ఈ జాగ్రత్తలు పక్షికంటె ముందు పంపు వీపున మోసే కూలీకి మేలు చేస్తాయి.

మే 15 రైతుల పాలకుడైన పునీత ఇసిదోరు పండుగ. చలికాలంలో మరకు మోసుకుపోతున్న ధాన్యంలో సగం ఆకలిగొన్న పావురాలకు చల్లాడని ఆయన గురించి ఒక ఐతిహ్యం ఉంది. చూసినవారు నవ్వారట. ఆ రోజు మన విచారణలలో విత్తనాల ఆశీర్వాదం జరిగితే, పూజ ముగిశాక ఒక గంట వ్యవసాయాధికారిని పిలిపించండి. ఇంట్లో ఉన్న మందు డబ్బాలను మూత బిగించి, పిల్లల చేతికివ్వకుండా తెచ్చి చూపించండి. ఆడవారిని వంటకు పంపేయకుండా ముందు వరుసలో కూర్చోబెట్టండి. మందు కలిపే నీళ్లు మోసేదీ, ఆ బట్టలు ఉతికేదీ వారే.